‘నేను’ వెనుకనున్న ‘మేము’: రీటా లెవీ-మొంటాల్చీనీ ఆత్మకథలో సహపరిశోధన

శాస్త్రవేత్తల ఆత్మకథలను తెలుగు శాఖల్లో మనం స్ఫూర్తి గ్రంథాలుగా మెచ్చుకుంటాం తప్ప, కథన పాఠాలుగా పరిశీలించడం అరుదు. నాడీకణాల పెరుగుదలకు తోడ్పడే ప్రోటీన్‌ను కనుగొన్న ఇటలీ శాస్త్రవేత్త రీటా లెవీ-మొంటాల్చీనీ (1909–2012) 1987లో తన ఆత్మకథను వెలువరించారు. ‘అసంపూర్ణతకు ప్రశంస’ అని దాని శీర్షికకు అర్థం. 1988 నాటి ఆంగ్లానువాదం ఆధారంగా, అందులోని ఉత్తమ పురుష కథనం సహపరిశోధనను ఎలా చూపుతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1938లో ముస్సోలినీ ప్రభుత్వం తెచ్చిన జాతి చట్టాలు యూదురాలైన రీటాను విశ్వవిద్యాలయానికి దూరం చేశాయి. ఆమె టురిన్‌లో పడకగదినే ప్రయోగశాల చేసుకున్నారు. కుట్టుసూదులను నూరి, కోడి పిండాలపై సూక్ష్మ శస్త్రచికిత్సలకు వాడారు. తరగతిలో ఈ కథ ఎప్పుడు చెప్పినా విద్యార్థులకు గుర్తుండేది ఆ గదే. అయితే ఆ గదికి ముందు ఒక రైలు ప్రయాణం ఉంది. 1940 వేసవిలో పశువుల పెట్టెలో నేలపై కూర్చుని ఆమె చదివింది విక్టర్ హాంబర్గర్ 1934లో ప్రచురించిన వ్యాసం. దాన్ని ఆమెకు ఇచ్చినవారు గురువు జుసెప్పే లెవీ. తరువాత అదే గదిలో శిష్యురాలికి సహాయకుడిగా నిలిచిందీ ఆయనే. ఒంటరి సాధనగా మనం చదువుకునే ఘట్టంలోనే ముగ్గురున్నారు.

హాంబర్గర్‌తో ఆమె బంధం విభేదంతో మొదలైంది. పిండం నుంచి రెక్క మొగ్గను తొలగిస్తే సంబంధిత నాడీకణాలు రూపుదిద్దుకోలేవని ఆయన భావించారు. రూపుదిద్దుకున్న తరువాతే అవి మరణిస్తున్నాయని ఆమె ప్రయోగాలు సూచించాయి. తన నిర్ధారణను కాదన్న పరిశోధకురాలినే ఆయన సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి ఆహ్వానించారు. 1947లో ఆమె అక్కడికి చేరారు. పరిశోధక మార్గదర్శకులమైన మనం ఈ ఘట్టం దగ్గర కాసేపు ఆగాలి.

తరువాతి దశలో పేర్లు పెరుగుతాయి. ఎలుక కణితిని కోడి పిండంలో నాటి తొలి సూచన అందించినవారు హాంబర్గర్ పూర్వ విద్యార్థి ఎల్మర్ బ్యూకర్. 1952లో రియో డి జనీరోలో హెర్తా మాయర్ కణజాల సంవర్ధన ప్రయోగశాల లేకపోతే, కణితి చుట్టూ నాడీతంతువులు కిరణాల్లా విచ్చుకోవడం కనిపించేది కాదు. జీవరసాయన శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ పాము విషంలోనూ, ఆపై ఎలుక లాలాజల గ్రంథిలోనూ ఆ పదార్థం సమృద్ధిగా ఉన్నట్లు గుర్తించి దాన్ని శుద్ధి చేశారు. 1954 నాటి పరిశోధన పత్రంపై కోహెన్, లెవీ-మొంటాల్చీనీ, హాంబర్గర్ ముగ్గురి పేర్లూ ఉన్నాయి. 1986 నోబెల్ బహుమతి మాత్రం మొదటి ఇద్దరికే దక్కింది.

ఆత్మకథ ఆ మరుసటి ఏడాది వచ్చింది. హాంబర్గర్‌ను రచయిత్రి విస్మరించలేదు. కానీ నా పఠనంలో ఆయన సహరచయితగా కన్నా ఉదారుడైన ఆతిథేయిగానే ఎక్కువగా కనిపిస్తారు. దీన్ని అబద్ధమనలేం. ఆత్మకథ అనే ప్రక్రియకే ‘నేను’ కేంద్రం కావాలి, పరిశోధన పత్రానికి ఆ అవసరం లేదు. అందుకే ఈ పుస్తకాన్ని ఆ పత్రాలతో కలిపి చదవాలి. యల్లాప్రగడ సుబ్బారావును కేవలం గుర్తింపునకు నోచుకోని ఒంటరి మేధావిగా చెప్పుకునే మనకు, ‘ఫిస్కే–సుబ్బారో పద్ధతి’ అనే పేరులోనే ఇద్దరున్నారన్న సంగతి ఎంతవరకు పడుతోంది?

నోబెల్‌తో కథ ముగిసినట్లు కనిపించినా, మందు తయారీకి అది మధ్య భాగమే. ఈ కారకాన్ని మధుమేహ నాడీవ్యాధికి ఔషధంగా మలచాలని జెనెన్‌టెక్ సంస్థ చేసిన ప్రయత్నం విఫలమైంది. 1,019 మంది రోగులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2000లో వెలువడ్డాయి. ఆశించిన మేలు కనబడలేదు. మరోవైపు, రీటా సహచరుడు లుయీజీ అలోయె ఇటలీ నేత్రవైద్యులతో కలిసి దీన్ని కార్నియా పుండ్లపై ప్రయోగించారు. 12 మంది రోగుల ఫలితాలను వారు 1998లో ప్రచురించారు. నాడి దెబ్బతిని స్పర్శ కోల్పోయిన కార్నియాకు వాడే సెనెజెర్మిన్ చుక్కల మందు ఆ దారిలో వచ్చినదే. ఇటలీ కంపెనీ డోంపే తయారుచేసిన ఆ మందుకు ఐరోపాలో 2017లో, అమెరికాలో 2018లో అనుమతి లభించింది. తెగిన వెన్నుపామును అతికించే మందు కాదది. అప్పటికి రీటా మరణించి నాలుగేళ్లు దాటింది. పడకగది నుంచి ఈ చుక్కల మందు దాకా సాగిన ప్రయాణంలో, ఆత్మకథ చెప్పగలిగింది 1986 వరకే.