పటాన్ని బోర్లా తిప్పి చూసేవాడు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో పాత ఇల్లు విప్పితే దూలాలు, దర్వాజాలతో పాటు దేవుడి పటాలూ పాతసామాన్ల కొట్టుకు చేరతాయి. కొనేవాళ్లు లక్ష్మీదేవి మొహం చూస్తారు. పటాలు కట్టే మనిషి ముందు దాన్ని బోర్లా తిప్పుతాడు. వెనక చెక్కపలకా, అట్టా? మేకులు తుప్పు పట్టాయా? అద్దంలో సన్నని బుడగలున్నాయా?

ఆ తర్వాతే భూతద్దం. చుక్కలు వరస తప్పకుండా ఉంటే ఆఫ్‌సెట్. పొంతన లేకుండా చెదిరి, రంగు మీద రంగు పడితే రాతిపలకల అచ్చు. అంచున రవివర్మ ప్రెస్ పేరుందంటే ఇక బేరం మారిపోతుంది. అలాగని అది రవివర్మ చేత్తో వేసిన బొమ్మ కాదు, అచ్చే. 1894లో బొంబాయిలో మొదలైన ఆ ప్రెస్ తర్వాత లోనావాలా దగ్గరికి మారింది, 1972లో కాలిపోయింది. ఫ్రేములో పట్టలేదని ఆ అంచు కత్తిరించేసిన మహానుభావులు ఎందరో!

కొన్ని పటాల్లో అమ్మవారి చీరకు జరీ, చమ్కీలు అతికించి ఉంటాయి. పాత జరీ నల్లబడుతుంది, నిన్న అంటించింది తళతళలాడుతుంది. గద్వాల మగ్గాల మధ్య పెరిగిన కంటికి ఈ తేడా ఒకరు చెప్పాలా? చెద తిన్న పలకను మార్చినా, దాని మీది పాత దుకాణం చీటీని మాత్రం అతను జాగ్రత్తగా ఊడదీసి కొత్త పలకకు అంటిస్తాడు.