లావు, బరువు, కొవ్వు: బీఎంఐ కొలమానంపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

బరువును ఎత్తు వర్గంతో భాగించగా వచ్చే బీఎంఐ అనే అంకె నేడు స్థూలకాయ నిర్ధారణకు ప్రధానాధారంగా చలామణి అవుతున్నది. ఈ సూచిక దేహంలోని కొవ్వును ఎంతవరకు తెలుపగలదో, ఎక్కడ తెలుపలేదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సూచిక పుట్టుపూర్వోత్తరాలు, దాని గణితస్వభావం, భారతీయుల విషయంలో బయటపడిన పరిమితులు, తెలుగులో స్థౌల్యాన్ని తెలిపే పదాల అర్థవిస్తృతి ఇందులో చర్చకు వస్తాయి. బీఎంఐ 'స్థూలకాయం' అన్నచోట చాలావరకు నమ్మదగినదనీ, 'సాధారణం' అన్నచోట మాత్రం ఆ మాటను యథాతథంగా స్వీకరించరాదనీ నిరూపించడం ఈ వ్యాసలక్ష్యం.

కీలకపదాలు: బీఎంఐ, స్థూలకాయం, కొవ్వు, కండ, నడుము కొలత, ఆరోగ్యపరిభాష.

1. ఉపోద్ఘాతం:

నేటి వాడుకలో 'లావు' అంటే స్థౌల్యం. పోతన భాగవతంలోని గజేంద్రమోక్షణ ఘట్టంలో అదే మాటకు బలమని అర్థం. మొసలితో పోరి అలసిన గజరాజు తనకు లావు లేదని మొరపెట్టుకున్నది చిక్కిపోయినందుకు కాదు, శక్తి ఉడిగినందుకు. 'బలుపు' అనే మాట కూడా ఇటువంటిదే. అందులో బలమూ ఉంది, ఒళ్ళు చేయడమూ ఉంది. కండనూ కొవ్వునూ ఒకే మాట మోయడం భాషలో దోషం కాదు. సందర్భమే అర్థాన్ని తేల్చిపెడుతుంది.

శాస్త్రీయమైన కొలతకు ఆ వెసులుబాటు లేదు. కొలత ఏ వస్తువును కొలుస్తున్నదో ముందే తేలాలి. బీఎంఐ విషయంలో ఈ స్పష్టత లోపించింది. పేరులో ఉన్నది ద్రవ్యరాశి. వాడుకలో దానికి అంటగట్టిన అర్థం కొవ్వు. తెలుగులో దీనిని 'శరీర ద్రవ్యరాశి సూచిక' అని అనువదిస్తున్నా, ఆరోగ్య శీర్షికల్లోనూ వైద్యశిబిరాల్లోనూ అది కొవ్వు కొలతగానే అర్థమవుతున్నది. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే ఇక్కడి చర్చనీయాంశం.

2. సూచిక పుట్టుక:

ఈ సూత్రానికి మూలపురుషుడు బెల్జియం దేశీయుడైన అడాల్ఫ్ కెట్లే (1796–1874). ఆయన వైద్యుడు కాడు. ఖగోళ, గణాంక శాస్త్రవేత్త. 1835లో వెలువరించిన గ్రంథంలో 'సగటు మనిషి' అనే భావనను ప్రతిపాదించి, మానవ లక్షణాలు జనసమూహంలో ఎలా విస్తరించి ఉంటాయో వివరించాడు. వయోజనుల బరువు దాదాపుగా వారి ఎత్తు వర్గానికి అనుగుణంగా పెరుగుతుందన్న పరిశీలన ఆ కృషిలో భాగం. ఒక వ్యక్తి దేహంలో కొవ్వు ఎంత అన్నది ఆయన ప్రశ్న కాదు.

ఆ సూత్రానికి బీఎంఐ అనే పేరు 1972లో వచ్చింది. అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్, ఆయన సహచరులు ఐదు దేశాలకు చెందిన ఏడువేలకు పైగా పురుషుల కొలతలు తీసుకుని, ఎత్తు–బరువులతో తయారయ్యే పలు సూచికలను చర్మపు మడతల మందంతోనూ, కొందరిలో దేహసాంద్రతతోనూ పోల్చి చూశారు. వారు తేల్చిన ఫలితం మితమైనది: కెట్లే సూత్రం పూర్తిగా తృప్తికరం కాకపోయినా తక్కిన సూచికలకు తీసిపోదు. ఆ అధ్యయనంలో స్త్రీలు లేరు. ఎత్తు–బరువుల సూచికల్లో మెరుగైనదిగా ఎంపికైన సూత్రమే క్రమంగా స్త్రీపురుష భేదం లేకుండా వ్యక్తి ఆరోగ్యాన్ని నిర్ణయించే ప్రమాణమైంది.

3. భాగహారం చెప్పనిది:

1.70 మీటర్ల ఎత్తు, 72 కిలోల బరువు ఉన్న వ్యక్తి బీఎంఐ 24.9. ప్రపంచ ఆరోగ్యసంస్థ వర్గీకరణలో 18.5 నుంచి 24.9 వరకు సాధారణం. 25 నుంచి అధిక బరువు. 30 నుంచి స్థూలకాయం. ఈ కొలతలే ఉన్న ఇద్దరిని ఊహించవచ్చు. ఒకరు మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీ. మరొకరు రోజంతా కుర్చీలో కూర్చునే గుమాస్తా. త్రాసు ఎముకను, కండను, నీటిని, కొవ్వును కలిపే తూచుతుంది. కాబట్టి ఇద్దరికీ వచ్చే అంకె ఒక్కటే. ఒకరి బరువు భుజాల్లో, తొడల్లో కండగా ఉన్నదనీ మరొకరిది పొట్ట చుట్టూ కొవ్వుగా ఉన్నదనీ ఆ అంకె చెప్పదు.

వయసు, లింగం ఈ చిక్కును మరింత పెంచుతాయి. ఒకే బీఎంఐ ఉన్న స్త్రీపురుషులలో సాధారణంగా స్త్రీ దేహంలో కొవ్వు శాతం ఎక్కువ. వృద్ధాప్యంలో కండ కరిగి ఆ స్థానంలో కొవ్వు చేరితే బరువు మారదు, సూచికా మారదు. దేహం మాత్రం మారిపోతుంది.

కండనూ కొవ్వునూ వేరుచేసి చూడటం ఈ దేశపు వైద్యచింతనకు కొత్త కాదు. ఆయుర్వేదం మాంసాన్ని, మేదస్సును సప్తధాతువులలో రెండు వేర్వేరు ధాతువులుగా లెక్కించింది. చరకసంహిత సూత్రస్థానం 21వ అధ్యాయం అతిస్థూలుని లక్షణాలు చెప్పేటప్పుడు పొట్ట, పిరుదులు, వక్షం వంటి స్థానాలను పేర్కొంటుంది. ప్రాచీనులకు నేటి విజ్ఞానమంతా తెలుసునని దీని అర్థం కాదు. కొవ్వును గురించి అడగవలసిన ప్రశ్నలు రెండు: ఎంత ఉంది, ఎక్కడ ఉంది. బీఎంఐ మొదటిదానికి పరోక్షంగా సమాధానమిస్తుంది. రెండవదాన్ని అడగనే అడగదు.

4. రెండు రకాల పొరపాట్లు:

బీఎంఐపై సాధారణంగా వినిపించే ఆక్షేపణ, కండలు తిరిగిన క్రీడాకారులను అది స్థూలకాయుల జాబితాలో చేరుస్తుందన్నది. ఆక్షేపణ నిజమే గాని, అటువంటివారు జనాభాలో కొద్దిమంది. అంతకంటె పెద్ద పొరపాటు రెండవ వైపున ఉంది.

అమెరికా జాతీయ ఆరోగ్య సర్వేకు చెందిన 13,601 మంది వివరాలతో 2008లో వెలువడిన రొమెరో-కొరాల్ బృందం అధ్యయనం ఈ విషయాన్ని స్పష్టపరచింది. పురుషులలో 25 శాతం, స్త్రీలలో 35 శాతం మించిన కొవ్వును స్థూలకాయంగా తీసుకుని, దానితో బీఎంఐ 30 అనే హద్దును పోల్చారు. అధిక కొవ్వు లేనివారిని ఆ హద్దు చాలా అరుదుగా మాత్రమే తప్పుగా పట్టుకున్నది. కాని అధిక కొవ్వు ఉన్నవారిలో పురుషులను 36 శాతం, స్త్రీలను 49 శాతం మాత్రమే గుర్తించగలిగింది. అంటే సగానికి పైగా ఆ హద్దు కింద నుంచి జారిపోయారు.

పెద్ద కన్నుల జల్లెడలో నిలిచినవి నిస్సందేహంగా పెద్ద గింజలే. కిందికి జారినవన్నీ సన్నగింజలని మాత్రం చెప్పలేం. బీఎంఐ స్వభావం సరిగ్గా ఇదే.

5. భారతీయ దేహం – మారిన హద్దులు:

పై పరిమితి భారతీయుల విషయంలో మరింత తీవ్రమవుతుంది. పూణే కె.ఇ.ఎం. ఆసుపత్రికి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటిష్ వైద్యుడు జాన్ యడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఛాయాచిత్రాన్నే ప్రచురించి దీనిని నిరూపించారు. ఇద్దరి బీఎంఐ 22.3. యడ్కిన్ దేహంలో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ దేహంలో 21.2 శాతం. చూపుకు సన్నగా ఉన్నా లోపల కొవ్వు అధికంగా ఉండే ఈ దేహస్వభావం పుట్టుకనుంచే కనిపిస్తుందని పూణే శిశువులను ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చిన అధ్యయనం తెలిపింది. పూణే శిశువులు తక్కువ బరువుతో పుట్టినా, వారి చర్మం కింది కొవ్వు ఆ మేరకు తగ్గలేదు.

దీనికి పరిష్కారంగా హద్దులను దించారు. 2004లో ప్రపంచ ఆరోగ్యసంస్థ నిపుణులు ఆసియావాసుల విషయంలో 23, 27.5 అంకెలను జాగ్రత్తపడవలసిన స్థాయులుగా సూచించారు. 2009లో భారతీయ నిపుణుల ఏకాభిప్రాయ పత్రం 23ను అధిక బరువుకు, 25ను స్థూలకాయానికి హద్దుగా తీసుకున్నది. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంతర్జాతీయ హద్దునే పాటిస్తున్నది. 2019–21 సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో బీఎంఐ 25, ఆపైన ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. 23ను హద్దుగా తీసుకుంటే ఈ శాతాలు ఇంకా పెరుగుతాయి. హద్దు ప్రకృతి గీసిన గీత కాదు, మనుషులు చేసుకున్న నిర్ణయం అనడానికి ఇదే నిదర్శనం.

హద్దును దించడం అవసరమే గాని, మౌలికమైన లోపాన్ని అది తీర్చదు. జల్లెడ కన్నులు చిన్నవి చేస్తే జారిపోయేవి తగ్గుతాయి; అక్కరలేనివి నిలవడం పెరుగుతుంది. యాజ్ఞిక్ ఉదాహరణలోని 22.3 ఆ 23 హద్దుకు కూడా చిక్కదు.

6. సూచిక పక్షాన:

ఇంతమాత్రాన బీఎంఐ నిరుపయోగమని తీర్మానించడం న్యాయం కాదు. ఒక త్రాసు, ఒక ఎత్తు కొలబద్ద ఉంటే మారుమూల ఉపకేంద్రంలోనైనా దీనిని లెక్కించవచ్చు. కొవ్వును కచ్చితంగా కొలిచే డెక్సా వంటి ఎక్స్‌రే పద్ధతి గాని, నీటిలో ముంచి సాంద్రత కట్టే పద్ధతి గాని అక్కడ సాధ్యం కాదు. ఒక జిల్లాను మరొక జిల్లాతో, ఒక దశాబ్దాన్ని మరొక దశాబ్దంతో పోల్చడానికి ఇంత సులభమైన సాధనం మరొకటి లేదు. సమూహాల స్థాయిలో బీఎంఐ పెరిగితే సగటు కొవ్వు కూడా పెరుగుతుంది. కెట్లే ఉద్దేశించినదీ సమూహాన్నే. సూత్రాన్ని దాని పరిధి దాటించి వ్యక్తి మీద తీర్పుగా వాడటంలోనే లోపమున్నది.

7. కొలతతో పాటు పరిభాష:

లోపాన్ని చాలావరకు పూరించగల సాధనం టేపు. భారతీయ ప్రమాణాల్లో పురుషులకు 90 సెం.మీ., స్త్రీలకు 80 సెం.మీ. నడుము చుట్టుకొలత హద్దు. నడుము కొలత ఎత్తులో సగానికి లోపు ఉండాలన్న సులభసూత్రాన్ని 2022లో బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ సిఫారసు చేసింది. 2023లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ బీఎంఐని ఇతర కొలతలతో కలిపి వాడాలని తీర్మానించింది. 2025లో లాన్సెట్ కమిషన్ స్థూలకాయ నిర్ధారణకు నడుము కొలత వంటి మరొక ఆధారం గాని, కొవ్వును నేరుగా కొలవడం గాని ఉండాలని చెప్పి, బీఎంఐ 40 దాటినవారికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా 2019–21 విడతలో తొలిసారిగా నడుము, తుంటి కొలతలను చేర్చింది.

కొలతతో పాటు మాట కూడా మారాలి. బీఎంఐ 22 ఉన్నవారికి 'సాధారణం' అని రాసి ఇచ్చిన చీటీ, చదివేవారికి 'ఆరోగ్యంగా ఉన్నారు' అనే అర్థాన్నే ఇస్తుంది. బొజ్జ ఉండి, ఇంట్లో మధుమేహం ఉన్నవారు సైతం ఆ ఒక్క మాటతో రక్తపరీక్ష మానుకునే ప్రమాదం ఉంది. ఆ స్థానంలో 'ఎత్తుకు తగిన బరువు' అని రాస్తే కొలిచినది మాత్రమే చెప్పినట్లవుతుంది. తెలుగులో 'బొజ్జ' అనే మాట కొవ్వు ఉన్న చోటును చూపుతుంది. 'కండ', 'కొవ్వు' అనేవి పదార్థాన్ని వేరుచేస్తాయి. ఆరోగ్యరచయితలు 'లావు', 'స్థూలకాయం' అనే ఉమ్మడి పదాలతో సరిపెట్టక ఈ మాటలను వాడితే పాఠకునికి విషయం సులభంగా బోధపడుతుంది.

8. ముగింపు:

• బీఎంఐ బరువుకూ ఎత్తుకూ గల సంబంధాన్ని కొలుస్తుంది. కొవ్వును సూచిస్తుందే గాని కొలవదు.
• సమూహాల పరిశీలనకు అది తగిన సాధనం. వ్యక్తి నిర్ధారణకు అదొక్కటే చాలదు.
• కండలవారిని స్థూలకాయులనడం కంటె, కొవ్వు ఉన్నవారిని సాధారణులనడమే దాని పెద్ద లోపం. సన్నని దేహంలో అధిక కొవ్వు దాగే భారతీయుల విషయంలో ఇది మరింత ప్రమాదకరం.
• హద్దులను దించడంతో పాటు నడుము కొలతను జతచేయాలి.
• ఫలితాన్ని తెలిపే తెలుగు మాట, కొలిచినదానికి మించి హామీ ఇవ్వరాదు.