ఒళ్లంతా ఊపిరి

ఆకు లేదు నీకు, వేరు లేదు, గాలి తీసుకునే పత్రరంధ్రం ఒక్కటీ లేదు. పల్చటి కణపొరే నీకు వాకిలి. వచ్చే వాయువుకూ పోయే వాయువుకూ అదే దారి. ఒళ్లంతా ఊపిరైన నాచూ, నీటి పచ్చదనమా, నీకు జోత!

గాలిలో పరుగులు తీసే బొగ్గుపులుసు వాయువు నీటిలో కాళ్లీడుస్తుంది. పదివేల రెట్లు నెమ్మదిస్తుంది. అయినా ఆకలితో కూర్చునే రకమా నువ్వు? బైకార్బనేటు వేషంలో నీటినిండా దాగినదాన్ని ఆనవాలు పడతావు. లోపలికి లాగి, ఎంజైముతో ఆ వేషం విప్పించి, రుబిస్కో అనే మరో ఎంజైము చేతికి అప్పగిస్తావు. చక్కెర కట్టుబడి అక్కడ మొదలు.

ఎండ తగిలితే నీటినే చీలుస్తావు. హైడ్రోజన్ నీ వంటకు, ఆక్సిజన్ లోకానికి. 1882లో జర్మన్ శాస్త్రవేత్త ఏంగెల్మన్, పట్టకం విడదీసిన వెలుగును నీ పోగు మీద పరిచాడు. ఆక్సిజన్‌కు అల్లాడే బాక్టీరియా ఎరుపు దగ్గరా నీలం దగ్గరా మూగి, నీకు రుచించే రంగులేవో చెప్పేశాయి.

ఆ ఎరుపు నీటి పైపొరల్లోనే ఆరిపోతుంది. అందుకే లోతుల్లో ఎర్రటి ఒళ్లు తొడుక్కుని, మిగిలిన నీలి వెలుగును తాగుతావు. బహామాస్ దగ్గర 268 మీటర్ల లోతున రాతిని కరుచుకుని బతుకుతున్న ఎర్రనాచు 1984లో కనబడింది.

పొద్దుగుంకితే ఆక్సిజన్ ఇవ్వడం ఆగుతుంది, తీసుకోవడం ఆగదు. భీమవరం, కైకలూరు చేపల చెరువుగట్లకు ఈ లెక్క కంఠతా వచ్చు. పగలు నీరు పచ్చగా కట్టిందని మురిసిన రైతే, తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయేమోనని గట్టు మీద తిరుగుతాడు, ఏరియేటర్లు వేస్తాడు. నిన్నెలా తప్పుపడతాం? చీకట్లో నువ్వూ శ్వాసించే ప్రాణివే. మేతా ఎరువూ మితిమీరి పోసి నిన్ను పెంచిన చేతులు మావే.

నీ పచ్చని వంశంలో ఒక కొమ్మ ఎప్పుడో ఒడ్డెక్కింది. వరి అయింది, వేప అయింది, మర్రి అయింది. పత్రరంధ్రాలు తెరిచింది, ఆకాశం కేసి చేతులు చాచింది. అయినా ఆకు లోపలికి తొంగిచూస్తే కణకణానికీ తడిపొరే. గాలి ఆ తడిలో కరిగితే తప్ప గడప దాటదు. కొండకొమ్మున ఎండలో నిలిచిన చెట్టు కూడా, తల్లీ, ఇవాళ్టికీ నీలాగే నీటిలోంచే ఊపిరి తీస్తోంది.