బూస్ట్ లేని చోట ట్యూనర్ పనితనం

1986 జూలై 27, జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో ఫార్ములా వన్ రేసు. ఆఖరి ల్యాప్‌లో, ముగింపు గీత దగ్గర పడుతుండగా అలైన్ ప్రోస్ట్ నడుపుతున్న మెక్‌లారెన్ ఆగిపోయింది. ఇంజన్ పేలలేదు, టైరు పగలలేదు. పెట్రోలు అయిపోయింది. అప్పటికే ప్రపంచ చాంపియన్ అయిన మనిషి కారు దిగి గీత వైపు తోయడం మొదలుపెట్టాడు. ఆ ఏడాది నిబంధనల ప్రకారం రేసంతటికీ 195 లీటర్లే. మధ్యలో పోసుకునే వీల్లేదు. టర్బో ఇంజన్ నుంచి బోలెడంత శక్తి లాగడం అప్పటికి చాలామందికి పట్టుబడింది. ఉన్న పెట్రోలుతో గీత దాటడమే కష్టమైంది.

రెండేళ్లకు టర్బో కార్ల కోటాను 150 లీటర్లకు దించారు. గాలి ఒత్తిడిని 2.5 బార్ దగ్గర కట్టేశారు. టర్బోలకు ఇక నూకలు చెల్లినట్టేనని అనుకున్నవాళ్లున్నారు. హోండా ఇంజనీర్లు మాత్రం తమ 1.5 లీటర్ల ఇంజన్‌ను పట్టుకుని కూర్చున్నారు. వాళ్ల ఇంధనంలో 84 శాతం టోలుయీన్. అది నాకింగ్‌ను, అంటే సిలిండర్‌లో మిశ్రమం తనంతట తానే పేలడాన్ని, బాగా తట్టుకుంటుంది, కానీ సులువుగా ఆవిరవదు. అందుకని ఇంధనాన్ని ముందే వేడిచేసి పంపారు. ఆ ఇంజన్‌తో మెక్‌లారెన్ 1988లో 16 రేసుల్లో 15 గెలిచింది. దాదాపు 300 కిలోమీటర్ల రేసుకు 150 లీటర్లంటే మన లెక్కలో లీటరుకు రెండు కిలోమీటర్ల మైలేజీ. 650 హార్స్‌పవర్ దాటిన ఇంజన్‌కు అది చిన్న సాధన కాదు.

రేసు కార్ల సంగతి అలా ఉంచితే, కారు రీమ్యాప్ చేయించానంటే, అంటే ఇంజన్ కంప్యూటర్‌లోని లెక్కలు మార్పించానంటే, మన దగ్గర ఎవరైనా మొదట అనే మాట, “అయితే పెట్రోలు తాగేస్తుందిగా!” అని. చేయి తిరిగిన ట్యూనర్ చూసిన కారు, మామూలు రోడ్డు మీద మామూలుగా నడిపితే, కంపెనీ నుంచి వచ్చిన రోజుకంటే ఎక్కువ తాగకూడదు. తాగుతోందంటే ఏదో తప్పు జరిగినట్టే. ఈ మాట నేను పట్టుబట్టి చెబుతాను.

గంటకు 80 కిలోమీటర్ల వేగంలో, చదును రోడ్డు మీద ఒక సెడాన్‌ను నడిపించడానికి పది పదిహేను హార్స్‌పవర్ చాలు. ఆ వేగంలో లీటరుకు 18 ఇచ్చే కారు నిమిషానికి 74 మిల్లీలీటర్లు తాగుతుంది. ఇరానీ చాయ్ కప్పులో పట్టేంత. అదే కారును 200 హార్స్‌పవర్‌కు ట్యూన్ చేసి, యాక్సిలరేటర్‌ను నేలకు తొక్కిపట్టండి. నిమిషానికి లీటరు పైమాటే. అయితే ఆ నిమిషం మన రోడ్ల మీద ఎప్పుడు దొరుకుతుంది? ఓవర్‌టేక్ చేసే ఐదారు సెకన్లు తప్ప మిగతా ప్రయాణమంతా కప్పు లెక్కలోనే సాగుతుంది.

లీటరు ఖర్చయ్యే చోట ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. నిదానంగా పోతున్నంతసేపూ ఆక్సిజన్ సెన్సార్ ఆ పాళ్లను కాపలా కాస్తుంది. బూస్ట్, అంటే టర్బో కుదించిన గాలి ఒత్తిడి, ఎక్కగానే ట్యూనర్లు మిశ్రమాన్ని చిక్కబరుస్తారు. కిలో పెట్రోలుకు 12 కిలోల గాలి దాకా తెస్తారు. అంటే అదే గాలికి ఐదో వంతుకు పైగా ఎక్కువ పెట్రోలు. అందులో చాలా భాగం శక్తి కోసం పోసేది కాదు, చల్లదనం కోసం పోసేది. ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. ఎగ్జాస్ట్ 950 డిగ్రీలు దాటితే టర్బైన్‌కు ఆయుష్షు తగ్గుతుంది మరి.

ఆ వేడి మొదలయ్యేది గాలిని కుదించే చోటే. బయట 35 డిగ్రీలున్న మన వేసవి సాయంత్రం గాలిని ఒక బార్ బూస్ట్‌కు కుదిస్తే కంప్రెసర్ బయటికి వచ్చేసరికి 130 డిగ్రీలకు చేరుతుంది. అంత వేడి గాలి సిలిండర్‌లోకి వెళ్తే నాకింగ్ ఖాయం. మంచి ఇంటర్‌కూలర్ దాన్ని 50, 60 డిగ్రీలకు దించుతుంది. అప్పుడు స్పార్క్‌ను కాస్త ముందుకు జరపవచ్చు, మిశ్రమాన్ని కాస్త పలచబరచవచ్చు. శక్తి కోసం పెట్టిన ఇంటర్‌కూలర్ పెట్రోలునూ ఆదా చేస్తుందంటే చాలామంది నమ్మరు.

చేతకాని ట్యూనర్‌కు ఇంత ఓపిక ఉండదు. నాకింగ్ భయంతో స్పార్క్‌ను వెనక్కి లాగి, ఎందుకైనా మంచిదని పెట్రోలు గుమ్మరిస్తాడు. స్పార్క్ ఆలస్యమైతే పిస్టన్‌ను నెట్టాల్సిన వేడి ఎగ్జాస్ట్ దారి పడుతుంది. ఈసీయూ అనే ఇంజన్ కంప్యూటర్‌లోని మ్యాప్ ఒక గళ్ల పట్టిక. ఒక వైపు ఇంజన్ వేగం, మరో వైపు లోడ్. శక్తిని కొలిచే డైనో ఇచ్చిన కాగితం మీద గీతగా కనిపించేది ఆ పట్టికలో పై అంచున ఉన్న కొన్ని గళ్లు మాత్రమే. కారు జీవితమంతా గడిచేది మధ్య గళ్లలో. ఆ గళ్లను ఒక్కొక్కటీ దిద్దడం గంటల పని, చూపించుకోవడానికి పనికొచ్చే అంకె ఒక్కటీ రాదు. అందుకే నేను ట్యూనర్‌కు విలువ కట్టేది అక్కడే.

ఈ విద్య మన రోజుల్లో పుట్టింది కాదు. ఎగ్జాస్ట్‌లో వృథాగా పోయే శక్తితో గాలిని కుదించవచ్చని స్విట్జర్లాండ్ ఇంజనీర్ ఆల్ఫ్రెడ్ బూషీ 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. అదీ ఆదా ఆలోచనే. 1973లో బీఎండబ్ల్యూ 2002 టర్బో తెచ్చినప్పుడు నాకింగ్‌కు భయపడి కంప్రెషన్ నిష్పత్తిని 6.9కి దించేశారు. బూస్ట్ లేనప్పుడు ఆ ఇంజన్ నీరసంగా, వృథాగా నడిచేది. అదే ఏడాది చమురు సంక్షోభం వచ్చిపడింది. 1,672 కార్లతో దాని కథ ముగిసింది.

దారి చూపించింది స్వీడన్ కార్ల కంపెనీ సాబ్. అక్కడి ఇంజనీర్ పెర్ గిల్‌బ్రాండ్ బృందం 99 టర్బోకు చిన్న టర్బో పెట్టింది. టాప్ స్పీడ్ మోజు మాని, రోజూ నడిపే వేగాల్లోనే బూస్ట్ అందేలా చూసింది. తర్వాత 1980ల ఆరంభంలో ఏపీసీ అనే పద్ధతి తెచ్చారు. ఇంజన్ బ్లాకుకు ఒక సెన్సార్ బిగించి నాకింగ్‌ను వినడం, అది వినిపించగానే బూస్ట్ తగ్గించడం. దాంతో కంప్రెషన్‌ను 7.2 నుంచి 8.5కి పెంచే ధైర్యం వచ్చింది. కంప్రెషన్ పెరిగితే ప్రతి చుక్కా ఎక్కువ పని చేస్తుంది. ఇవాళ మన రోడ్ల మీద తిరిగే చిన్న టర్బో కార్లలో కంప్రెషన్ 10 దాటిందంటే, వినే చెవి పెట్టిన ఆ పద్ధతికి అందులో వాటా ఉంది.

నా దగ్గర ఒక పాత 1.8 టర్బో సెడాన్ ఉంది. రీమ్యాప్ చేయించిన నెలకే ఊళ్లో మైలేజీ 12 నుంచి 10కి పడిపోయింది. అందరూ మ్యాప్‌నే తిట్టారు. ట్యూనర్ మాత్రం, “సార్, మ్యాప్ జోలికి తర్వాత పోదాం. ముందు గాలి ఎక్కడ పోతోందో చూద్దాం” అన్నాడు. ఇన్‌టేక్ మూతికి బిరడా బిగించి, దాని గుండా గాలి కొట్టి, గొట్టాల మీద సబ్బు నీళ్లు చల్లాడు. పంక్చర్ షాపులో ట్యూబును తొట్టిలో ముంచి చూస్తారే, అదే పద్ధతి. ఇంటర్‌కూలర్ గొట్టం క్లిప్పు కింద నుంచి సన్నగా నురగ పొంగింది. వేలు పెడితే తప్ప తెలియని చీలిక అది. ఎయిర్ మీటర్ కొలిచిన గాలిలో కొంత ఆ చీలికలోంచి పోతోంది. ఆ పోయిన గాలికీ లెక్కగట్టి ఇంజన్ పెట్రోలు పోస్తోంది. గొట్టం మార్చాక ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకు మూడుసార్లు లెక్క చూశాను. మూడుసార్లూ 12 దాటింది, అదీ రీమ్యాప్‌తోనే.

నడిపేవాళ్లు చేసే ఒక పొరపాటు గురించి కూడా చెప్పాలి. శ్రీశైలం ఘాట్ దిగుతూ పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ కొట్టేవాళ్లను చూస్తుంటాను. గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజెక్టర్లు పూర్తిగా మూసుకుంటాయి. న్యూట్రల్‌లోనైతే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు పోస్తూనే ఉంటుంది. పైగా ఇంజన్ బ్రేకింగ్ పోయి, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. దయచేసి ఆ అలవాటు మానండి.

ఇప్పుడు మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. కాబట్టి మైలేజీ ఆరేడు శాతం తగ్గడం సహజం. కానీ ఇథనాల్ నాకింగ్‌ను తట్టుకుంటుంది, ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తుంది. టర్బో ఇంజన్‌కు ఇవి రెండూ వరాలే. పాత పెట్రోలుకు రాసిన మ్యాప్‌తో ఆ లాభం పూర్తిగా చేతికి రాదు. స్పార్క్‌ను తిరిగి సరిచూసుకున్నవాళ్లకు పోయినదాంట్లో కొంత వెనక్కి వస్తుంది.

రీమ్యాప్ చేయించబోయేవాళ్లకు ఒక మాట. డైనో కాగితం చేతికిచ్చినప్పుడు మురిసిపోయి వచ్చేయకండి. టాప్ గేర్‌లో, 80 వేగంలో, పది నిమిషాలు తీసిన లాగ్ చూపించమని అడగండి. గాలీ పెట్రోలు పాళ్లు పూర్తిగా కాలే కొలత దగ్గరే నిలకడగా ఉన్నాయా, ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ తనంతట తాను చేసే పెట్రోలు సవరణ) ఐదు శాతం లోపే ఉందా, స్పార్క్ మునుపటికంటే వెనక్కి పోయిందా అని ఆయన పక్కన కూర్చుని చూడండి. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేద్దామంటే ఒప్పుకోకండి. అది చట్టవిరుద్ధం, ఆ పొగ పీల్చేది మన పిల్లలే. ఆ లాగ్ చూపించలేని మనిషికి మీ కారు తాళాలు ఇవ్వకండి.