పోగులోనే పట్టు సొగసు

బూదికోట అనగానే చరిత్ర చదివినవాళ్లకు హైదర్ అలీ గుర్తొస్తాడు. కర్ణాటకలోని కోలారు జిల్లా బంగారుపేట తాలూకాలో, గుండ్ల మధ్య కోట ఉన్న ఈ ఊళ్లోనే ఆయన పుట్టాడు. ఆయన కొడుకు టిప్పు సుల్తాన్ 18వ శతాబ్ది చివర్లో బెంగాల్ నుంచి పట్టుపురుగుల గుడ్లు తెప్పించి, మైసూరు సీమలో పట్టుకు పునాది వేశాడు. తండ్రి పుట్టిన కోలారు నేలలో ఆ పని గట్టిగా వేళ్లూనుకుంది. ఏడాది పొడుగునా పారే నదులు లేని ఈ మెట్ట సీమలో చెరువులనూ బోర్లనూ నమ్ముకుని రైతులు మల్బరీ పెంచారు. కోలారు, ముళబాగిలు, శ్రీనివాసపురం, 2007లో చిక్కబళ్లాపుర జిల్లాలోకి వెళ్లిన శిడ్లఘట్ట, చింతామణి అన్నీ పట్టుగూళ్ల ఊళ్లే. పక్కనున్న బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. పట్టు మాత్రం ఇంకా అన్నం పెడుతోంది.

పెళ్లిలో పట్టుచీర చూస్తే అంచు బాగుందంటాం, రంగు బాగుందంటాం, జరీ బాగుందంటాం. దారం బాగుందని ఎవరూ అనరు. ఆ మూడూ నిలబడేది దారం మీదే. అసలైన జరీ లోపల కూడా పట్టుపోగే ఉంటుంది. దాని చుట్టూ సన్నని వెండి రేకును చుట్టి, బంగారు పూత వేస్తారు. అందుకే దారాన్ని దారంగా చూడడం నేర్చుకోవాలని నా కోరిక.

మొదలు పురుగు దగ్గర. గుడ్డులోంచి వచ్చిన పట్టుపురుగు ఇంచుమించు నాలుగు వారాలు మల్బరీ ఆకు మేస్తుంది. మధ్యలో నాలుగుసార్లు మేత మాని, కదలకుండా ఉండి, కుబుసం విడుస్తుంది. రైతుల మాటల్లో అది జ్వరం. పండిన పురుగులను ఏరి చంద్రికలనే వెదురు తట్టల మీద వేస్తే, రెండు మూడు రోజులు తల అటూ ఇటూ తిప్పుతూ గూడు కట్టుకుంటాయి. గూడంతా తెగని ఒకే పోగు. పురుగు జాతిని బట్టి అది నాలుగైదు వందల మీటర్ల నుంచి వెయ్యి మీటర్లు దాటి కూడా ఉంటుంది. పత్తి పీచు రెండు మూడు సెంటీమీటర్లే. అలాంటి పీచులెన్నో కలిపి వడికితేనే నూలవుతుంది, వాటి కొసలు పైకి లేచి నూలుకు నూగు వస్తుంది. పట్టుకు ఆ నూగు లేదు. పైగా పట్టుపోగును అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే ముక్కోణంలా కనిపిస్తుంది. ఆ పలకల మీద వెలుగు విరిగి పడడం వల్లే పట్టుకు ఆ నిగనిగ.

ఈ పోగును పైకి తీసేవాడు రీలరు. గూళ్లను వేడినీళ్లలో ఉడికిస్తే జిగురు మెత్తబడుతుంది. తొట్టి ముందు కూర్చున్న మనిషి పైనున్న చిక్కు పీచును దులిపేసి, అసలు కొస దొరికాక, ఎనిమిదో పదో గూళ్ల కొసలను కలిపి సన్నని రంధ్రంలోంచి పోనిచ్చి చక్రానికి అందిస్తాడు. గూళ్లు నీళ్లలో గిరగిరా తిరుగుతుంటే వాటి పోగులు ఒకదానికొకటి అంటుకుని ఒకే దారంగా పైకి పోతాయి. చూడ్డానికి తేలికే. కానీ ఒక్కొక్క గూటి పోగు లోపలికి పోయేకొద్దీ సన్నబడుతుంది, ఒక్కో గూడు ఒక్కో వేళ అయిపోతుంది. అయిపోయిన క్షణంలో కొత్త గూటి కొసను విసిరి అతికించాలి. ఆలస్యమైతే దారం పలచబడుతుంది, తొందరపడితే లావెక్కుతుంది. 20-22 డెనియర్ పట్టు అంటే 9,000 మీటర్ల దారం 20 నుంచి 22 గ్రాములు తూగుతుందని లెక్క. అంత సన్నని దారాన్ని పొడుగునా ఒకే లావులో నిలిపేది వేడినీళ్లలో నాని తెల్లబడిన ఆ వేళ్లే.

ఆ తర్వాతది పురి. పడుగుకు పోగులను ఒక వైపు పురి పెట్టి, రెండేసి కలిపి ఎదురు వైపు పురి పెడతారు. ఎదురు పురులు ఒకదాన్నొకటి పట్టుకోవడంతో మగ్గం లాగుడుకు దారం తెగదు. పేకకు అంత పురి అక్కర్లేదు. 1912లో నాల్వడి కృష్ణరాజ ఒడయర్ మైసూరులో పెట్టిన పట్టు మిల్లుకు పేరు తెచ్చిన క్రేప్ చీరల్లో మాత్రం పురి చాలా గట్టిది. అందుకే ఆ చీర ఒంటిమీద జారుతూ కుచ్చెళ్లలో ఒదిగిపోతుంది. పురి పెరిగేకొద్దీ దారానికి బలం వస్తుంది, మెరుపు తగ్గుతుంది. కుట్టుపనిలో అందమంతా ఈ బేరం మీదే ఆధారపడి ఉంది. అతుకు కుట్టడానికి గట్టి పురి దారం కావాలి. పువ్వు నింపడానికి పురి లేనట్టుండే మెత్తని దారం కావాలి.

ఇక సబ్బూ సోడా నీళ్లలో ఉడికించి జిగురు తీసేస్తే పచ్చిపట్టు బరువులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా పోతుంది. అప్పటిదాకా బిరుసుగా, మసకగా ఉన్న దారం అప్పుడే మెత్తబడి మెరుస్తుంది, రంగును లోపలికి తాగుతుంది.

దారం సొగసు దగ్గరగా చూడాలంటే చీరకు కుచ్చులు వేసేచోట కూర్చోవాలి. మగ్గం దిగిన చీర కొంగు చివర పడుగు పోగులు విడివిడిగా వేలాడుతుంటాయి. వదిలేస్తే అంచు విడిపోతుంది. కుచ్చులు వేసే ఆవిడ కొంగును బరువు కింద కదలకుండా పెట్టి, ఆ పోగులను వేళ్లతో దువ్వి, సమానమైన పాయలుగా విడదీస్తుంది. చీర రంగుకు తగిన దారపు పాయను సూదితో అంచులోంచి లాగి, రెండుగా మడిచి, మెడ దగ్గర వేరే దారంతో బిగించి చుడుతుంది. ఆ చుట్లు ఒకదాని పక్కన ఒకటి పడాలి. ఒకదాని మీదికి మరొకటి ఎక్కితే మెరుపు విరిగిపోతుంది. చుట్టడం అయ్యాక సూదిని చుట్ల లోపలి నుంచి దించి కొసను దాచేస్తుంది. చివరికి అన్ని కుచ్చులనూ ఒకే పొడవుకు కత్తిరిస్తుంది. ముడి ఎక్కడుందో మనకు కనిపించదు. ఆ కనిపించకపోవడమే ఆమె పనితనం.

మగ్గం వర్కులో ఇంకో అందం. చట్రానికి బిగించిన గుడ్డ పైన ఒక చేతిలో కొక్కెం ఉన్న ఆరి సూది, కింద రెండో చేతిలో దారం. సూది కిందికి దిగి దారాన్ని పట్టుకుని పాత ఉచ్చులోంచి పైకి లాగుతుంది. అలా గొలుసు కుట్టు సాగుతుంది. ఒక పూరేకను నిలువుగా, పక్క రేకను ఏటవాలుగా నింపితే, ఒకే దారం రెండు ఛాయల్లో కనిపిస్తుంది. రంగు మారలేదు, వెలుగు పడే తీరు మారింది. చైనాలోని సుజౌ కుట్టుపనివాళ్లు ఒక్క పట్టుదారాన్నే ఎన్నో పాయలుగా చీల్చి, చేప తోక పారదర్శకంగా కనిపించేలా కుడతారు. దూరదేశమైనా వాళ్లు పట్టుకున్న రహస్యం ఇదే.

ఒక మాట కొనేవాళ్లకు. బజార్లో సిల్క్ థ్రెడ్ పేరుతో దొరికే రీళ్లలో చాలావరకు రేయానో పాలిస్టరో ఉంటుంది. వాటితోనూ మంచి పని చేయవచ్చు, వాటిని చిన్నచూపు చూడనక్కర్లేదు. కానీ పట్టు ధర ఇచ్చి అవి తెచ్చుకోకూడదు. చిన్న ముక్క కాల్చి చూడండి. పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. రేయాన్ కాగితంలా కాలుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూస అవుతుంది.

కుచ్చులు వేసే ఆడవాళ్లు ఎక్కువగా ఇంటిపనుల మధ్య వీలు చేసుకుని, చీరకింతని కూలికి కూర్చుంటారు. వేల రూపాయల చీర కొని, కుచ్చుల దగ్గర పదీ ఇరవై కోసం బేరమాడడం మనకు అలవాటైపోయింది. ఆ అలవాటు మానుకుందాం. రైతు మేపిన ఆకు, రీలరు కాచుకున్న లావు, కుట్టే ఆమె దాచిన ముడి, అన్నీ కలిస్తేనే ఆ కొంగు. ఈసారి చీర ఇచ్చేటప్పుడు ఏ దారం వాడతారని అడగండి. ఆమె సంతోషంగా రీళ్లు తీసి చూపిస్తుంది. దారం తెలిసినవాళ్లు పనికి విలువ కట్టడంలో పొరబడరు.