కామాల మధ్య బెదిరింపు

కొన్ని చట్టాల్ని కథలు చదివినట్టు, మాట మాటా పట్టుకుని చదవాలి. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ అలాంటిది. 2008 సవరణతో వచ్చింది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. దాని గురించి మాట్లాడేటప్పుడు అందరూ భావప్రకటనా స్వేచ్ఛ దగ్గర మొదలుపెడతారు. నేను కామాల దగ్గర మొదలుపెడతాను.

ఆ సెక్షన్‌లో ఒక జాబితా ఉంది. అబద్ధమని తెలిసీ పదే పదే మెసేజ్‌లు పంపి చిరాకు, అసౌకర్యం, ప్రమాదం, ఆటంకం, అవమానం, హాని, నేరపూరిత బెదిరింపు, శత్రుత్వం, ద్వేషం లాంటివి కలిగించాలని చూస్తే మూడేళ్ళ వరకూ జైలు. చిరాకూ బెదిరింపూ ఒకే వరసలో, ఒకే శిక్ష కింద! ఐపీసీలో మామూలు బెదిరింపుకి రెండేళ్ళ వరకే. చంపుతానంటే ఏడేళ్ళ వరకూ. పాత చట్టానికి తెలిసిన తేడాని కొత్త చట్టం మర్చిపోయింది.

ఆ మరుపు ఎవరి మీద పడుతుందో 2012 నవంబర్‌లో చూశాం. బాల్ ఠాక్రే మరణం తర్వాత ముంబై బంద్‌ని ప్రశ్నిస్తూ ఫేస్‌బుక్‌లో రాసిన అమ్మాయినీ, దాన్ని లైక్ చేసిన స్నేహితురాలినీ పాల్ఘర్‌లో అరెస్ట్ చేశారు. వాళ్ళ మీద పెట్టిన సెక్షన్లలో 66ఏ ఒకటి.

జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్ ధర్మాసనం తరఫున నారిమన్ రాసిన తీర్పు ఇప్పటికీ చదివించే వచనం. చర్చ, సమర్థన, రెచ్చగొట్టడం అని మాటని మూడు మెట్లుగా విడదీసి, మూడోదాకా వెళ్తేనే అడ్డుకోవచ్చంటుంది. నాకు బాగా నచ్చింది ఇంగ్లండ్ కేసు ప్రస్తావన. ఒక ఎంపీ ఆఫీసుకి వచ్చిన ఫోన్ కాల్స్ విని అక్కడి కింది కోర్టులు ఒకటంటే, హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇంకోటంది. జడ్జీలకే దొరకని గీత మామూలు మనిషికీ, ఎస్సైకీ ఎలా దొరుకుతుంది?

కానీ ఒక పాత్ర ఈ తీర్పులో దాదాపు కనబడదు: బెదిరింపు అందుకున్న మనిషి. మాట్లాడేవాళ్ళ భయం పేజీల నిండా ఉంది. పేరులేని అకౌంట్ నుంచి ‘నీ అడ్రస్ తెలుసు’ అన్న మెసేజ్ చూసిన అమ్మాయి భయం మాటేంటి?

ఆమెకి చట్టాలున్నాయి. బెదిరించడం, పేరు దాచుకుని బెదిరించడం, ఆన్‌లైన్‌లో వెంటపడడం అప్పుడూ ఐపీసీ కింద నేరాలే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అవి 351, 78 సెక్షన్లు. కాబట్టి 66ఏ పోతే వేధింపులకి అడ్డే ఉండదన్న వాదన నిలవదు. పైగా చిరాకు కలిగితే చాలు కేసు పెట్టొచ్చన్నప్పుడు, పోలీసులు ఎవరి చిరాకుని ముందు పట్టించుకుంటారో మనకి తెలుసు. పలుకుబడి ఉన్నవాళ్ళది.

కొట్టేసిన సెక్షన్ కింద ఇంకా కేసులు పెడుతున్నారని తెలిసి 2021లో సుప్రీంకోర్టే విస్తుపోయింది. 2022 అక్టోబర్‌లో, దాని కింద ఎవరినీ విచారించొద్దని మళ్ళీ చెప్పాల్సొచ్చింది.

రేపు సోషల్ మీడియా మీద ఇంకో చట్టం తెస్తే ముందు అందులోని కామాలు చూడండి. నొప్పించడానికీ భయపెట్టడానికీ మధ్య కామా తప్ప ఇంకేమీ లేకపోతే, ఆ మెసేజ్ అందుకున్న అమ్మాయి పోలీస్ స్టేషన్‌లో మళ్ళీ వరస చివరే నిలబడాల్సొస్తుంది.