మూడో రోజు రిపోర్టు

రాజపాళయం నూలు మిల్లుల్లోనూ పక్కన ఛత్రపట్టిలో బ్యాండేజి గుడ్డ నేసే మగ్గాల మీదా చేతులే కూడు పెడతాయి. అలాంటి మనిషికి దండచేతి ఎముక విరిగి మణికట్టు వాలిపోతే, నరాలకు కరెంటు పరీక్ష ఆ రోజే చేయించాలని ఇంటివాళ్ళు పట్టుబడతారు. ఆ తొందర అర్థం చేసుకోదగ్గదే గాని, మొదటి వారంలో ఆ పరీక్ష మనల్ని తప్పుదారి పట్టించగలదు. 1850లో ఆగస్టస్ వాలర్ కప్పల నరాలు కోసి, కోతకు అవతలి భాగం మెల్లగా శిథిలమవుతుందని చూపించాడు. తిరకాసంతా ఆ మెల్లదనంలోనే ఉంది. పూర్తిగా తెగిన నరం కూడా అవతలి వైపు ఇంచుమించు వారం దాకా కండరాన్ని కదిలించగలదు, స్పర్శ పోగులైతే ఇంకొన్నాళ్ళు పనిచేస్తాయి. మూడో రోజున దెబ్బకు కింద కరెంటు పెడితే వేలు ఎగురుతుంది, రిపోర్టు బాగున్నట్టే ఉంటుంది. కండరం నరాన్ని పోగొట్టుకుందని, అందులో సూది గుచ్చి చూసే పరీక్షలో తేలడానికి రెండు మూడు వారాలు కావాలి. అప్పుడైనా అంతా తేలదు. 1943లో సెడన్ అనే శస్త్రవైద్యుడు నరాల గాయాలను మూడుగా విభజించాడు: పోగులు తెగకుండా నరం మొద్దుబారడం, తొడుగు మిగిలి లోపలి పోగులు తెగడం, నరమే తెగడం. చివరి రెంటినీ ఈ పరీక్ష విడదీయలేదు (ఈ మాట రిపోర్టు మీద ముద్రిస్తే బాగుండును).

ఆగితే కండరం చచ్చిపోదా అంటారు. న్యాయమైన ప్రశ్న. నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. మోచేతి దగ్గర అల్నార్ నరం తెగితే అరచేతి చిన్న కండరాలను చేరడానికి పది నెలలు పట్టవచ్చు. ఏడాది, ఏడాదిన్నర దాటితే ఆ కండరం నరాన్ని అందుకునే స్థితిలో ఉండదు. అందుకే కత్తో గాజో కోసి స్పర్శ పోయినచోట ఏ పరీక్ష కోసమూ ఆగకూడదు, తెరిచి చూసి కుట్టాలి. చర్మం తెగకుండా ఎముక విరిగితే సంగతి వేరు. 2005లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం దండచేతి ఎముక నడిమి భాగం విరిగినవారిలో 11.8 శాతం మందికి మణికట్టును ఎత్తే రేడియల్ నరం పడిపోయింది. ఆపరేషన్ చేయకుండా ఆగి చూసినవారిలో 70 శాతానికి పైగా తమంతట కోలుకున్నారు. అక్కడ మూడు వారాలు ఆగడం వల్ల నష్టం లేదు. అయితే ఆగడమంటే ఊరకే కూర్చోవడం కాదు. కట్టు వేయకముందే బొటనవేలు వెనక్కి లేస్తోందా, బొటన-చూపుడు వేళ్ళ మధ్య చేతి వెనక వైపు స్పర్శ ఉందా అని చూసి కాగితం మీద రాయాలి. మణికట్టును చెక్కతో నిలిపి, వేళ్ళను రెండో చేత్తో రోజూ చాపుతూ ఉండాలి. మూడు, నాలుగు నెలలకూ కదలిక ఛాయ లేకపోతే అప్పుడు శస్త్రవైద్యుడు నరాన్ని తెరిచి చూస్తాడు.